గ్యాస్ పట్టించే ముందు గాలి సంగతి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండలు ముదిరేసరికి పత్రికల్లో కారు ఏసీ జాగ్రత్తలంటూ ఒక చిన్న బాక్సు వస్తుంది. గ్యాస్ చెక్ చేయించుకోండి, కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందుభాగపు జాలీ) కడిగించండి, బండి నీడన పెట్టండి అని. కొత్త కార్లకి ఆ మూడు ముక్కలు చాలు. పాతికేళ్లు దాటిన మారుతి 800, కాంటెస్సా, డ్యాష్‌బోర్డు కింద ఏసీ వేలాడే అంబాసిడర్, పుణెలో అసెంబుల్ అయిన తొలి బెంజి కార్లు ముచ్చటపడి ఉంచుకున్నవాళ్లకి మాత్రం ఆ మొదటి సలహాయే కొంప ముంచుతోంది. ఆ బండ్లలో ‘ఏసీ పనిచేయడం లేదు’ అన్నమాటకి చాలాసార్లు ‘గాలి రావడం లేదు’ అని అర్థం. బ్లోయర్, అంటే లోపలికి గాలి ఊదే ఫ్యాను, ఆఖరి నంబరు మీద ఉంటుంది. రొద వినిపిస్తుంది. గాలి మటుకు స్టీరింగు దాటి ఇవతలికి రాదు. షెడ్డుకి తీసుకెళ్తే ముందు గ్యాస్ ఒత్తిడి చూపే గేజీలు తగిలిస్తారు, గ్యాస్ తగ్గిందంటారు, పట్టిస్తారు. నెల తిరక్కుండా మళ్లీ అదే ఫిర్యాదు.

ఇక్కడ గేజీ ఎందుకు మోసం చేస్తుందో ముందు చెప్పుకోవాలి. కారు లోపలి వేడిగాలి కూలింగ్ కాయిల్ మీదుగా పోతున్నప్పుడే కాయిల్లోని గ్యాస్ ఆ వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. బ్లోయర్ నీరసించి గాలి సగమైతే కాయిల్‌కి అందే వేడీ తగ్గుతుంది, దానితో లోప్రెషర్ ముల్లు కిందికి దిగుతుంది. ఆర్134ఏ అనే రకం గ్యాస్ ఉన్న బండిలో మామూలుగా 30, 40 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మధ్య ఆడే ముల్లు, ఎండ మండుతున్నప్పుడు ఇంకాస్త పైనే ఉండాల్సిన ముల్లు, 20 దగ్గర తచ్చాడుతుంది. చూసినవాడు గ్యాస్ తక్కువనుకుంటాడు. 100 గ్రాములు ఎక్కిస్తాడు. తరవాత ఎప్పుడో బ్లోయర్ బాగుపడి గాలి పూర్తిగా వచ్చిన రోజున ఆ అదనపు గ్యాస్ కండెన్సర్లో ఇమడక హైప్రెషర్ 300 పీఎస్‌ఐ దాటుతుంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కుతుంది, బెల్టు కీచుమంటుంది, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ సీలు కారుతుంది. బ్లోయర్ జబ్బుకి గ్యాస్ మందు వేస్తే చివరికి కంప్రెసర్ మీదికి వస్తుందన్నమాట.

తేడా పట్టడానికి వంటింట్లో వాడే సూది డిజిటల్ థర్మామీటర్ చాలు. అద్దాలు ఎత్తి, బయటి గాలి రాకుండా మీట లోపలి గాలి మీదికి తిప్పి, ఏసీ ఫుల్లు, బ్లోయర్ ఫుల్లు పెట్టి, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు నడపండి. సూదిని గాలి వచ్చే మధ్య గ్రిల్లులోకి దూర్చండి. గాలి సన్నగా వస్తూ 8, 10 డిగ్రీల లోపు చూపిస్తే గ్యాస్ వైపు చూడక్కర్లేదు, జబ్బు గాలి దారిలో ఉంది. గాలి ధాటిగా వస్తూ 18, 20 డిగ్రీలుంటే అప్పుడు గ్యాసు, కండెన్సరు, కంప్రెసరు చూడాలి. సన్నగానూ వెచ్చగానూ వస్తే? రెండూ ఉండొచ్చు. కానీ ముందు బ్లోయర్ సరిచేసి ఆ తరవాతే గేజీ పెట్టాలి. ఈ వరస తిరగబడితే లెక్క కుదరదు.

గాలి తక్కువన్నది తేలాక, ఏ స్పీడులో ఎలా ఉందో చూడాలి. కింది స్పీడులన్నీ చచ్చి ఆఖరిది మాత్రం బాగా వస్తుంటే, కరెంటుని అడ్డగించి స్పీడు తగ్గించే రెసిస్టెన్స్ కాయిల్ పోయింది. ఎక్కువ మోడళ్లలో ఆఖరి స్పీడుకి రెసిస్టెన్స్‌తో పని లేదు, కరెంటు నేరుగా పోతుంది. ఈ కాయిల్‌ని కావాలనే గాలి దారిలో, బ్లోయర్ డబ్బాకి రెండు స్క్రూలతో బిగిస్తారు. అది ఎర్రబడకుండా చల్లార్చేది ఆ గాలే. మోటారు బిగుసుకున్నా, కాయిల్ చుట్టూ ఆకులు పేరుకున్నా అది కాలుతుంది, లేదా దాని మీదున్న థర్మల్ ఫ్యూజు తెగుతుంది. ఆ ఫ్యూజు కాళ్లు రెండూ కలిపి తీగ చుట్టేసి ‘అయిపోయింది సార్’ అనే పని కొన్నిచోట్ల చూస్తాం. అది మాత్రం ఒప్పుకోకండి. ఎండుటాకుల పక్కన ఎర్రగా కాలే తీగని కాపలా లేకుండా వదలడమే అది. అదే రేటింగు ఫ్యూజు వేయాలి. మామూలు సీసం టంకం ఆ వేడికి కరిగి జారుతుంది కాబట్టి కాళ్లని నొక్కి బిగించే స్లీవులతో కలపాలి.

అన్ని స్పీడుల్లోనూ, ఆఖరిదాంతో సహా, గాలి సన్నగా ఉంటే అసలు పరీక్ష అప్పుడే మొదలు. పాత బండి యజమానులకి ఎక్కువగా ఎదురయ్యేదీ ఇదే. చాలామంది సరాసరి మోటారు మార్చేస్తారు. కొత్త మోటారూ అలాగే ఊదుతుంది. కారణం, మోటారుదాకా వోల్టేజీ రావడం లేదు.

ఒక మల్టీమీటర్ తీసుకోండి. బ్లోయర్ ఆఖరి స్పీడు మీద తిరుగుతుండగా, కప్లర్ (తీగల్ని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీయకుండా, వెనకనుంచి పిన్నులు గుచ్చి మోటారు రెండు కాళ్ల మధ్య వోల్టేజీ చూడండి. కప్లర్ ఊడదీసి చూస్తే లోడు ఉండదు కాబట్టి ఎంత తుప్పుపట్టిన వైరైనా 12 వోల్టులూ నిండుగా చూపిస్తుంది. ఎర్రతీగకీ బాడీకీ మధ్య చూడటం ఇంకో పొరపాటు. జపాన్ పద్ధతి వైరింగులో తరచు మోటారు పాజిటివ్ కాలికి ఎప్పుడూ కరెంటు ఉంటుంది. స్విచ్చీ రెసిస్టెన్సూ ఎర్త్ వైపు కూర్చుంటాయి. అలాంటి బండిలో ఒకటో నంబరు మీద బ్లోయర్ ఈడ్చుకుంటూ తిరుగుతున్నా పాజిటివ్ కాలు బాడీతో కొలిస్తే నిండు వోల్టేజీయే. మోటారు రెండు కాళ్ల మధ్య కొలిస్తే ఏ వైరింగైనా నిజం చెబుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.6 ఉందనుకుందాం. మోటారు కాళ్ల దగ్గర 12.8 ఉంటే మంచిదే. 10.4 ఉంటే 3.2 వోల్టులు దారిలో ఎవరో తినేస్తున్నారు. ఎవరన్నది మీటరే పట్టిస్తుంది. ఒక పిన్ను బ్యాటరీ పాజిటివ్ మీద ఉంచి, రెండోది కరెంటు వెళ్లే దారి వెంట ఒక్కో మజిలీకి జరుపుకుంటూ పోవాలి. పాత వైరింగులో ఒక్కో మజిలీలో కొత్తగా పోయింది ఎంతో లెక్క తరచు ఇలా తేలుతుంది: ఫ్యూజు బాక్సు దాకా 0.3, ఫ్యూజు అటూ ఇటూ 0.9, ఇగ్నిషన్ స్విచ్చిలో 0.4, బ్లోయర్ స్విచ్చిలో 0.7, కప్లర్‌లో 0.5, ఎర్త్‌లో 0.4. అంతా కలిపితే ఆ 3.2. ఒక్క పెద్ద దొంగ ఉండడు, ఆరుగురు చిల్లర దొంగలుంటారు. అందుకే ఒకచోట రుద్దేసి చూసి తేడా లేదని వదిలేస్తారు.

ఫ్యూజు దగ్గర 0.9 అంటే చిన్నదనుకోకండి. 10 ఆంపియర్లు పోయే దారిలో అది 9 వాట్ల వేడి. ఆ ఫ్యూజు క్లిప్పు పక్కన ప్లాస్టిక్ పసుపెక్కి, పెళుసుబారి ఉండేది అందుకే. వేలితో తాకితే చురుక్కుమంటే అక్కడే పని ఉంది. గాజు ఫ్యూజులున్న బండ్లలో క్లిప్పు పట్టు సడలుతుంది. దాన్ని కొంచెం దగ్గరికి నొక్కి, సన్న ఇసక పేపరుతో మెరిసేదాకా రుద్ది, ఫ్యూజు కొత్తది వేయాలి. రేటింగు మాత్రం మాన్యువల్లో ఉన్నదే. వేడికి ఫ్యూజు ఊరికే పోతోందని 15 తీసి 30 వేస్తే ఈసారి కాలేది వైరు.

ఎర్త్ సంగతి విడిగా చెప్పాలి. మోటారు నెగెటివ్ కాలికీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య, ఆఖరి స్పీడులో, 0.2 వోల్టులకి మించకూడదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో డ్యాష్‌బోర్డు కింద బాడీకి బిగించిన ఎర్త్ కన్ను (తీగ చివరి గుండ్రటి రింగు) పైకి బాగానే కనబడుతుంది. విప్పి చూస్తే అడుగున పచ్చటి పొడి. కొత్తగా పెయింటింగు చేయించిన బండ్లలో ఇంకో రకం: ఎర్త్ బోల్టు కింద కూడా రంగు కొట్టేస్తారు. రేకు తెల్లగా మెరిసేదాకా గీకి, పళ్లున్న వాషర్ వేసి బిగించి, పైన కొద్దిగా వాసెలిన్ పూస్తే ఏళ్లపాటు దాని జోలికి పోనక్కర్లేదు.

ఇంకో సంగతి. ఇవన్నీ చూసేముందు ఐడ్లింగులో, హెడ్‌లైట్లు, బ్లోయర్, కండెన్సర్ ఫ్యాను అన్నీ వేసి బ్యాటరీ దగ్గర 13.5 వస్తోందో లేదో చూసుకోవాలి. హెడ్‌లైట్లకే 9, 10 ఆంపియర్లు, బ్లోయర్‌కి మరో 10 నుంచి 15, కంప్రెసర్ క్లచ్చికి 3, 4, ఫ్యాను సరేసరి. డైనమో ఉన్న పాత బండికి తరవాత ఏసీ తగిలించి ఉంటే ఐడ్లింగులో ఇంత మోయలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా గాలి తగ్గి, బండి కదలగానే పెరుగుతుంటే బ్లోయర్‌ని తిట్టకండి. బెల్టు బిగువు, కరెంటు పుట్టించే డైనమో లేదా ఆల్టర్నేటర్ చూడండి.

మీటరు 1, 1.5 వోల్టులకి మించి నష్టం చూపిస్తే, అది ఎక్కువగా స్విచ్చిల్లోనే ఉంటే, ఆఖరి స్పీడుకి ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) పెట్టుకోవడం మేలు. నాలుగు కాళ్ల 30 లేదా 40 ఆంపియర్ల రిలే, దాని సాకెట్టు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 25 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరు. రిలే కాళ్లకి నంబర్లుంటాయి: బ్యాటరీనుంచి ఫ్యూజు దాటి వచ్చే వైరు 30కి, 87నుంచి మోటారుకి, స్విచ్చి ఆఖరి స్పీడు తీగ 86కి, ఎర్త్ 85కి. స్విచ్చి పాజిటివ్ వైపు ఉన్న బండికే ఈ లెక్క. ఎర్త్ వైపు స్విచ్చి ఉంటే కథ మారుతుంది: 86కి ఇగ్నిషన్ కరెంటు, 85కి స్విచ్చి తీగ, 30కి మంచి ఎర్త్, 87నుంచి మోటారు నెగెటివ్‌కి. ఇది చూసుకోకుండా ఇచ్చేస్తే కీ తీసినా బ్లోయర్ ఆగదు, లేదా ఫ్యూజు ఎగిరిపోతుంది. ఈ వైరూ రిలే ఎక్కడా బయటికి కనబడకుండా అమర్చుకోవచ్చు. పాత వైరింగుని కోయకుండా కప్లర్ల మధ్య తగిలించుకుంటే, ఎప్పుడైనా తీసేసి బండిని ఉన్నది ఉన్నట్టు చేసుకోవచ్చు కూడా. అసలు రూపం మీద పట్టింపు ఉన్నవాళ్లకి ఈ మాట.

వోల్టేజీ బాగుంది, గాలి లేదు. అప్పుడు తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరుతో మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూస్తే సగం రోగం చెప్పేయొచ్చు. ఎక్కువ లాగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే ఇరుసుని మోసే బుష్షులు పట్టేశాయి, లేదా ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చుట్టలో షార్టు ఉంది. తక్కువ లాగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగాయి, అవి రాసుకునే రాగి బద్దల కమ్యుటేటర్ మసిపట్టింది. తక్కువ లాగుతూ వేగంగా, సన్నటి ఈలతో తిరుగుతుంటే? మోటారు దివ్యంగా ఉంది, గాలి దారి మూసుకుపోయింది. ఇది వినడానికి తలకిందులుగా ఉంటుంది. అడ్డం వస్తే కష్టపడి ఎక్కువ కరెంటు లాగాలి కదా అనిపిస్తుంది. కానీ ఈ గుండ్రటి జల్లెడ చక్రానికి పని అంటే గాలిని తోయడమే. తోయడానికి గాలే దొరక్కపోతే పనీ లేదు, కరెంటూ అక్కర్లేదు. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం అరచేత్తో మూసినప్పుడు దాని స్వరం పైకి పోతుందే, అదే సూత్రం. అలవాటైన చెవికి క్లాంప్ మీటరు కూడా అక్కర్లేదు.

మోటారు విప్పాల్సి వస్తే కార్బన్లు 5, 6 మిల్లీమీటర్లకి వచ్చాక మార్చేయాలి. ఆ సైజుకి వచ్చాక స్ప్రింగు సరిగ్గా నొక్కదు. మోడల్ కార్బన్లు దొరక్కపోతే కాస్త పెద్దవి తెచ్చి సన్న ఇసక పేపరు మీద నాలుగు పక్కలా సమంగా అరగదీసి, గూట్లో తేలిగ్గా జారేలా చేసుకోవచ్చు. ఆటోనగర్లలోనూ సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ అడిగితే దగ్గర సైజువి దొరుకుతాయి. కమ్యుటేటర్‌ని 400, 600 నంబరు ఇసక పేపరుతోనే రుద్దాలి. ఎమరీ గుడ్డ వాడొద్దు, దాని పొడి కరెంటు పారించి రాగి బద్దల మధ్య షార్టు చేస్తుంది. బద్దల మధ్య గాడిని పాత హ్యాక్సా బ్లేడు ముక్కతో గీకి శుభ్రం చేయాలి. బుష్షు పక్కనుండే ఫెల్టు వాషరు ఎండిపోయి ఉంటే కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు. గ్రీజు పెట్టకూడదు, బుష్షు సన్నరంధ్రాలు మూసుకుపోతాయి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే వారం రోజులు బాగుంటుంది, తరవాత మునుపటికంటే గట్టిగా అరుస్తుంది. మోటారు కడుపులోకి డబ్బానుంచి ఒక సన్న రబ్బరు గొట్టం వచ్చే మోడళ్లున్నాయి. మోటారుని చల్లబరిచే గాలి దానిగుండానే పోతుంది. విప్పి బిగించేటప్పుడు దాన్ని తగిలించడం మరిచిపోతే కొత్త మోటారు కూడా కాలుతుంది.

చక్రాన్ని కూడా చేత్తో పట్టి చూడండి. గాలిని తోసే దాని తలాలు గరిటెలా వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపులో మెత్తటి దుమ్ము తడికి అట్టకట్టి నిండితే తలం చదునైపోతుంది, గాలిని అందుకోదు. పాత టూత్‌బ్రష్షు, సబ్బునీళ్లు చాలు. అంచున బిగించిన చిన్న ఇనప క్లిప్పులు కనబడితే తీసేయకండి, అవి తూకం కోసం పెట్టినవి. చక్రం మధ్య బుష్ పగిలి ఇరుసు మీద జారుతున్నా మోటారు రొద వస్తుంది, గాలి రాదు.

ఇక షెడ్డుల్లో అందరినీ తికమక పెట్టే తప్పొకటుంది. మోటారు మార్చాక తీగలు అటూ ఇటూ అయితే చక్రం ఎదురు తిరుగుతుంది. టేబుల్ ఫ్యాన్ ఎదురు తిరిగితే గాలి వెనక్కి పోతుంది, వెంటనే తెలుస్తుంది. ఈ చక్రం అలా కాదు, ఎటు తిరిగినా గాలి గ్రిల్లులోంచే వస్తుంది, కాకపోతే బాగా తగ్గిపోతుంది. రొద మామూలే, వోల్టేజీ మామూలే, మోటారు కొత్తదే. జబ్బు అంతుబట్టక కూలింగ్ కాయిల్ దాకా విప్పేస్తారు. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారైతే తీగలు మారిస్తే దిశ మారుతుంది. లోపల ఫీల్డు కాయిల్ ఉన్న పాత రకం మోటారు సరఫరా తీగలు తిప్పినా అటే తిరుగుతుంది. పాజిటివ్ ఎర్త్‌తో వచ్చిన పాత బ్రిటిష్ కార్లని నెగెటివ్ ఎర్త్‌కి మార్చినవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. దిశ సరైనదో కాదో ఇలా చూసుకోవచ్చు: నత్తగుల్లలా ఉండే ఆ డబ్బాలో గోడకీ చక్రానికీ మధ్య సందు ఎటు పోనుపోను పెరుగుతుందో అటే చక్రం తిరగాలి. కొత్త చక్రం కొనేటప్పుడు కూడా తలాల వంపు పాతదాంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి. కుడిచేతి చక్రం, ఎడమచేతి చక్రం వేరు.

గాలి దారి విషయానికొస్తే, మన ఊళ్లలో అసలు శత్రువు చెట్టు నీడ. బండి నీడన పెట్టమని పత్రికలే చెబుతాయి గనక ఈ మాట కూడా రాయాలి. వేప, గానుగ ఆకులు అద్దం కిందున్న జాలీ దగ్గర ఆగుతాయి. చింతాకు ఆగదు. ఆ చిన్న రెక్కలు జాలీ కన్నాల్లోంచి జారి, బ్లోయర్ చక్రం దాటి, కూలింగ్ కాయిల్ మొహం మీద పరుచుకుంటాయి. పాత మారుతి 800కి గాలి వడకట్టే క్యాబిన్ ఫిల్టరే లేదు. ఆకు, వెంట్రుకలు, మ్యాట్ల పీచు అన్నీ కాయిల్‌కే అంటుకుంటాయి. ఆ కాయిల్ ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఆ చెత్త అంతా కలిసి దేశవాళీ కంబళిలా తయారవుతుంది. ఈ కారులో అమరిక ఎడమవైపు బ్లోయర్, దాని పక్కన కూలింగ్ కాయిల్ డబ్బా, మధ్యలో హీటర్. ముందు సీటు ఎదుటి అర విప్పి, బ్లోయర్ మోటారు దించితే ఆ రంధ్రంలోంచి సెల్‌ఫోన్ కెమెరాతో కాయిల్ మొహం కొంతమేర కనబడుతుంది. కాయిల్ ఊడదీయాలా వద్దా అన్నది ఆ ఫొటో చూశాక తేల్చుకోవచ్చు.

చెత్త పైపైనే ఉంటే మెత్తటి పెయింటింగు బ్రష్షుతో కాయిల్ మీది పల్చటి రేకు రెక్కల వెంబడి, పైనుంచి కిందికి దువ్వి, వ్యాక్యూమ్‌తో లాగి, ఏసీ కాయిల్ ఫోమ్ కొట్టి పావుగంట ఆగి, స్ప్రే సీసాతో నీళ్లు కొట్టాలి. అంతకుముందే నీళ్లు పోయే గొట్టం తెరుచుకుందో లేదో చూడాలి, లేకపోతే అంతా కాళ్ల దగ్గరికి వస్తుంది. కార్ వాష్ ప్రెషర్ పంపు లోపలికి పెట్టనివ్వకండి, ఆ రెక్కలు అరచేత్తో నొక్కినా ఒరిగిపోయేంత పల్చన. బాత్‌రూమ్ యాసిడ్, కాస్టిక్ ఉన్న క్లీనర్లు అల్యూమినియాన్ని తినేస్తాయి.

అంబాసిడర్‌లో డ్యాష్‌బోర్డు కింద వేలాడే యూనిట్లది వేరే బాధ. అవి లోపలి గాలినే తిప్పుతాయి, పీల్చే మొహం కాళ్ల దగ్గరుంటుంది. మ్యాట్లు దులపని బండిలో దాని జాలీ ఆరునెలలకే పూడుతుంది. ఒక వార్తాపత్రిక కాగితం ఆ జాలీ దగ్గర పెడితే ఆఖరి స్పీడులో అతుక్కుని నిలబడాలి. పీల్పు గట్టిగా ఉండి గ్రిల్లులో గాలి లేదంటే మధ్యలో గొట్టం ఊడింది, లేదా డబ్బా అతుకుల దగ్గర స్పాంజి పట్టీ పొడైపోయి గాలంతా డ్యాష్‌బోర్డు వెనక్కి పోతోంది. అగరువత్తి వెలిగించి అతుకుల వెంట తిప్పితే పొగ ఎక్కడ చెదురుతుందో అదే లీకు. గాలిని మళ్లించే పలకల మీది స్పాంజి అరిగినా ఇదే పరీక్ష. గ్రిల్లుల్లోంచి గ్రాఫైటులా నల్లటి నలకలు ఎగిరి పడుతుంటే అది మసి కాదు, కుళ్లిన స్పాంజి. 5 మిల్లీమీటర్ల మూతకన్నాల (నీళ్లు పీల్చని) రబ్బరు స్పాంజి షీటు అంటించాలి. సోఫా స్పాంజి నీళ్లు పీల్చి మళ్లీ కుళ్లుతుంది.

బయల్దేరినప్పుడు గాలి బ్రహ్మాండంగా ఉండి, ముప్పావుగంట ప్రయాణం తరవాత క్రమంగా సన్నగిల్లితే, ముందు అనుమానించాల్సింది వేరే ఉంది. కాయిల్ మంచు కట్టింది. వానాకాలంలో, కోస్తా రోడ్ల మీద ఇది ఎక్కువ, గాలిలో తేమ అలాంటిది. ఏసీ బటన్ ఆపి బ్లోయర్ మాత్రం ఐదు నిమిషాలు నడవనివ్వండి. గాలి తిరిగొచ్చి, బండి కింద నీళ్లు ధారగా కారితే అనుమానం లేదు. కాయిల్ 3, 4 డిగ్రీలకి రాగానే కంప్రెసర్‌ని ఆపాల్సిన థర్మోస్టాట్ ఆ పని చేయడం లేదు. పాత యూనిట్లలో దాని సన్నటి రాగి గొట్టం కొస కాయిల్ రెక్కల్లో గుచ్చి ఉంటుంది. ఎవరో కాయిల్ కడిగి, ఆ కొసని మునుపటి చోట, మునుపటి లోతులో గుచ్చకుండా పక్కన వేలాడదీసి ఉంటారు. మారుతిలో దాని బదులు వేడిని పసిగట్టే థర్మిస్టర్, దాన్నిబట్టి కంప్రెసర్‌ని ఆపే యాంప్లిఫయర్ ఉంటాయి. ఇక్కడో మెలిక ఉంది. బ్లోయర్ నీరసమే మంచుకి కారణం కావొచ్చు, మంచు మళ్లీ గాలిని తగ్గిస్తుంది. కోడి ముందా గుడ్డు ముందా అని తలపట్టుకోకుండా, ఉదయాన్నే బండి చల్లగా ఉన్నప్పుడు, ఏసీ వేయకుండా బ్లోయర్ గాలి చూడండి. అప్పుడే సన్నగా ఉంటే ముందు బ్లోయర్.

1995లో పుణెలో అసెంబ్లీ మొదలైన బెంజి డబ్ల్యూ124 గురించి కొంచెం. ఈ బండిలో బ్లోయర్ డ్యాష్‌బోర్డు కింద వెతికితే దొరకదు. బానెట్ కింద, ఇంజిన్ వెనక గోడకి అవతల, ఒంటి వైపర్ యంత్రాంగం అడుగున గుంటలో ఉంటుంది. వైపర్ మొత్తం విప్పితే తప్ప చేయి దూరదు. మోటారుకి రెండువైపులా రెండు చక్రాలు. విప్పేముందు ఏది ఎటో, ఇరుసు మీద ఏ కోణంలో ఉందో మార్కరుతో గీత పెట్టుకోవాలి, లేకపోతే తూకం పోయి డ్యాష్‌బోర్డు వణుకుతుంది. వీటిలో కార్బన్లు అరగడం మామూలు. చలికాలం పొద్దున్నే పిచ్చుకలా కిచకిచమని మొదలై, తరవాత తట్టితే గానీ తిరగకపోవడం దాని లక్షణం. ఫ్యూజులు గాజువి కావు, రెండు చివర్లూ కోసుగా ఉండే టార్పీడో రకం. వేలితో ఒకసారి గుండ్రంగా తిప్పితే కొసల మీది మసి రాలి గాలి పెరిగిన సందర్భాలున్నాయి, కానీ మార్చేయడమే నయం. ఆ గుంటలో ఆకులు నిండి నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుంటే వానకి మోటారు మునుగుతుంది. ఏడాదికి రెండుసార్లు చేత్తో ఆకులు తీయండి.

అన్నీ చూశాక కూలింగ్ కాయిల్ ఊడదీయక తప్పదంటే గ్యాస్ సంగతి అప్పుడు వస్తుంది. మన దేశంలో ఆర్12 లాంటి సీఎఫ్‌సీ గ్యాసుల తయారీ 2008 ఆగస్టులోనే ఆగిపోయింది. పాత బండిలో ఇప్పుడు ఏముందో స్టిక్కరుని బట్టి చెప్పలేం. ఉన్న గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా మెషిన్‌లోకి లాగించండి. కాయిల్ తీసిన ప్రతి అతుక్కీ కొత్త ఓరింగు (రబ్బరు రింగు), తేమ పీల్చే కొత్త డ్రయర్, పంపుతో లోపలి గాలంతా లాగేస్తూ కనీసం అరగంట వ్యాక్యూమ్, ఆ తరవాత పంపు ఆపి పావుగంట ముల్లు కదలకుండా ఉందో లేదో చూడటం. ఆర్12 బండిని ఆర్134ఏకి మారుస్తుంటే పాత మినరల్ ఆయిల్ దాంతో కలవదు, ఈస్టర్ ఆయిల్ పోయాలి. గ్యాస్ బరువు పాత స్టిక్కరులో ఉన్నదాంట్లో 80 నుంచి 90 శాతం. చేతి అంచనాతో కాకుండా కాటా మీద తూచి ఎక్కించమనండి. వంటగ్యాస్ జాతికి చెందిన మిశ్రమాలు చవగ్గా వస్తాయని పట్టించేవాళ్లున్నారు. కాయిల్ లీకైతే ఆ గ్యాస్ చేరేది మీరు కూర్చున్న చోటికే, పక్కనే నిప్పురవ్వలు రాల్చే కార్బన్ల మోటారు.

కాయిల్ బయట ఉన్న పూటే స్పాంజి పట్టీలు, పలకల మీది అతుకులు, నీళ్ల గొట్టం అన్నీ పూర్తిచేయించుకోండి. డబ్బా బిగించాక, డ్యాష్‌బోర్డు మూసేముందు, కూలింగ్ కాయిల్ డబ్బాలోకి గ్లాసుడు నీళ్లు నిదానంగా పోసి బండి కింద చూడండి. రెండు నిమిషాల్లో గ్లాసుడూ కిందికి రావాలి. సగమే వస్తే గొట్టం మెలిక పడింది, అప్పుడే సరిచేయించండి.

ఇట్లు,
పాత కార్ల వైరింగు, ఏసీ పనివాళ్లు,
ఆటోనగర్, విజయవాడ